వెనక ఎడమ స్పీకరు

రేగులంక పురపాలక సంఘం సమావేశ మందిరంలో డిజిటల్ సరౌండ్ సౌండ్ బిగించిన రోజు నుంచి, అక్కడ మాట్లాడేవాళ్ళ గొంతులు వాళ్ళ నోళ్ళలోంచి రావడం మానేసి, హోదాను బట్టి కేటాయించిన స్పీకర్లలోంచి వస్తున్నాయి. గడప దాటి వరండాలోకి వస్తే మళ్ళీ ఎవరి గొంతు వాళ్ళ నోటికి వచ్చేసేది. ఇది ఎవరికీ పెద్ద వింతగా అనిపించలేదు. కొత్త సౌకర్యం ఏది వచ్చినా మొదట్లో కొంత అలవాటు పడాలని ఊరికి తెలుసు. వేలిముద్ర పడక రేషను వదులుకున్నవాళ్ళు, ఫోనుకు నంబరు రాక గ్యాసు బండ వదులుకున్నవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. గొంతు కాస్త దూరం నుంచి రావడం వాటితో పోలిస్తే చిన్న మార్పు.

హాల్లో మొత్తం ఆరు స్పీకర్లు. ఎవరి గొంతు ఎందులోంచి రావాలో కమిషనర్ ఉమామహేశం గారు ఉత్తర్వు ఇచ్చారు. ముందు ఎడమ స్పీకరు ఛైర్మన్ వీర్రాఘవులు గారికి. ముందు కుడి కమిషనర్ గారికి. మధ్యది కౌన్సిలర్లందరికీ ఉమ్మడిగా. వెనక కుడి సిబ్బందికి, వెనక ఎడమ ప్రజలకు. ఆరోది నేలమీద పెట్టే బరువైన పెట్టె. అందులో మాట కన్నా దడ ఎక్కువ వినిపిస్తుంది. దాన్ని ఎవరికివ్వాలో తోచక ఖాళీగా ఉంచారు.

బిగించిన తర్వాత తెలిసిందేమంటే, ఆరింటిలో పలుకుతున్నవి ముందున్న రెండే. మొదటి సమావేశంలో కౌన్సిలర్లు లేచి చేతులూపుతూ మాట్లాడారు, బల్లలు గుద్దారు, ఒకాయన కండువా తీసి నేలకేసి కొట్టాడు. మాట ఒక్కటీ వినపడలేదు. బల్ల గుద్దిన చప్పుడు మాత్రం వినపడింది. బల్లకు హోదా లేదు కనక దాని చప్పుడు దాని దగ్గరే ఉండిపోయింది. అజెండా అంతా కాఫీలు చల్లారేలోపు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. సభ్యుల నుంచి అభ్యంతరాలు లేవని, ప్రజల నుంచి ఫిర్యాదులు లేవని రాసుకున్నారు. ఇంత ప్రశాంతమైన సభ తన రాజకీయ జీవితంలో చూడలేదన్నారు ఛైర్మన్ గారు. ఆ మాట ముందు ఎడమ స్పీకర్లోంచి గంట కొట్టినట్టు వినిపించింది.

ఈ వ్యవస్థను చూసుకోవలసినవాడు అసిస్టెంట్ ఇంజనీరు త్రిమూర్తులు. వీధి దీపాలు, బోరు మోటార్లు అతని కిందవి. కంప్యూటరు కూడా కరెంటు మీదే నడుస్తుంది కాబట్టి దాన్నీ అతనికే అప్పగించారు. అందులో ఉన్నది లినక్స్. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే వాడాలని పైనుంచి ఆదేశం. త్రిమూర్తులు అంతకుముందు లినక్స్ ముఖం చూసినవాడు కాదు. చూశాక దానికి ముఖమే లేదని తెలిసింది. నల్లటి తెర, మూలన మినుకుమినుకుమనే ఒక గీత. ఏం చెయ్యాలో మీరే చెప్పండన్నట్టు ఆ గీత ఎదురుచూస్తూ ఉండేది. అతనికి అలా ఎవరైనా తన ఆజ్ఞ కోసం ఎదురుచూడడం అలవాటు లేదు.

మెత్తని మనిషి. ఎవరి చేతా మాట పడకుండా రిటైరైపోవాలన్నదే అతని కోరిక. వెనక స్పీకర్లు పలకడం లేదని తెలిసినా అతను కంగారు పడలేదు. వాటి గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. చెయ్యాలంటే వాటిలోంచే చెయ్యాలి.

కంగారు ఇంటి నుంచి వచ్చింది. అతనుండే పాత పోస్టాఫీసు వీధిలో కుళాయి నీళ్ళలో మురుగు కలుస్తోంది. వీధిలో సగం ఇళ్ళలో కామెర్లు. అతని కూతురు ప్రవల్లిక తొమ్మిదో తరగతి. బడి మానేసి, పచ్చబడ్డ కళ్ళతో మంచం మీద మజ్జిగన్నం తింటోంది. వీధంతా మజ్జిగన్నమే తింటూ ఉండడంతో పాలవాడు పెరుగుకు వంతులు పెట్టాడు. త్రిమూర్తులు భార్య మంగతాయారు ఈ సంగతి ఇంట్లో భర్తకు చాలాసార్లు చెప్పింది. రాసి పంపానని, పైనున్నవాళ్ళు చూస్తున్నారని అతను ప్రతిసారీ అన్నాడు. చివరికి ఆమె ఒక సీసాలో కుళాయి నీళ్ళు పట్టుకుని, సోమవారం నాడు అర్జీల సభకు వెళ్ళింది.

హాల్లో లేచి నిలబడి, సీసా ఎత్తి పట్టుకుని మాట్లాడింది. గోడవారగా సిబ్బంది వరసలో కూర్చున్న త్రిమూర్తులు ఆమె పెదవుల్నే చూశాడు. పెళ్ళయ్యాక ఆమె మాట్లాడుతూ ఉంటే తనకు వినపడకపోవడం అదే మొదలు. ఏమందో అతనికి తెలుసు. అయినా వినపడకపోయేసరికి, ఎవరో తెలియని మనిషిని చూస్తున్నట్టు అనిపించింది. ఆమె ముగించి, జవాబు కోసం నిలబడింది.

"ధన్యవాదాలమ్మా, కూర్చోండి" అంది ముందు కుడి స్పీకరు. కమిషనర్ గారు మర్యాదస్తుడు.

ఆ సాయంత్రం అతను చెప్పులు విప్పుతుండగానే మంగతాయారు అడిగింది.

"మీ హాల్లో నా గొంతేమైపోయిందండీ?"

"నీకు వెనక ఎడమ స్పీకరు ఇచ్చారు. అది పలకడం లేదు."

"మరి పలికించొచ్చు కదా."

"పలికించమని ఎవరూ అడగలేదు మంగా."

"అడిగాం. నాతో పాటు వచ్చినోళ్ళందరూ అడిగారు. అది పలకట్లేదు కాబట్టి మీకు వినపళ్ళేదు."

ఇందులో తర్కం ఉందని త్రిమూర్తులు ఒప్పుకున్నాడు. "చూస్తాను" అన్నాడు.

"రాసి పంపినట్టు కాదండి. పిల్ల కళ్ళు చూశారా, పసుపు కొమ్ముల్లా ఉన్నాయి. నిజంగా చూడండి."

నిజంగానే చూశాడు. మర్నాడు హాల్లో కంప్యూటరు ముందు కూర్చుని, ఛానళ్ళ తెర తెరిచాడు. ఒక్కో స్పీకరుకు ఒక నిలువు గొట్టం. ముందు రెండింటిలో రంగు అంచుదాకా నిండి ఉంది. మిగతా వాటి కింద నోరు మూసి ఉన్నట్టు గుర్తు. అవేమీ పాడైపోలేదు. ఈ వ్యవస్థలో వెనక ఛానళ్ళు మొదటినుంచీ నోరు మూసుకునే వస్తాయట. ఎవరో ఒకరు వచ్చి తెరవాలి. తెరవాలని తెలియనివాళ్ళకు అవి ఉన్నట్టే తెలియదు. త్రిమూర్తులు ఒక్కొక్కటే తెరిచాడు. ఇంతకాలంగా తన ఉద్యోగంలో చేసిన పనుల్లోకెల్లా ఇది తేలికైనదీ పెద్దదీ అనిపించింది.

కంప్యూటర్లో ఒక పరీక్ష ఉంది. ఒక ఆడగొంతు ఒక్కో స్పీకరు దగ్గరికీ వెళ్ళి దాని పేరు పిలుస్తుంది. "ముందు ఎడమ" అంది. "ముందు కుడి" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. మిగతావాటినీ పేరుపెట్టే పిలిచింది గానీ, ఆ పిలుపు ఎక్కడికీ చేరలేదు.

ఇంటర్నెట్‌లో లినక్స్ వాడేవాళ్ళు మాట్లాడుకునే చోటు ఒకటుంది. త్రిమూర్తులు అక్కడ తన సమస్య పెట్టాడు. తన దగ్గర బాగానే పనిచేస్తోందని ఒకడు రాశాడు. త్రిమూర్తులు వాడే రకం లినక్సే తప్పని ఇంకొకడు రాశాడు. దాని మీద వాళ్ళిద్దరూ తిట్టుకుంటూ త్రిమూర్తులును మరిచిపోయారు. ఈ ప్రశ్న ఇదివరకే వచ్చింది, వెతుక్కోమని మరొకరు. అందరూ అలిసిపోయాక ఒక పుణ్యాత్ముడు అడిగాడు: "మీ ప్రజలు ఆడియో గ్రూపులో ఉన్నారా?"

చూశాడు. లేరు. ఆడియో గ్రూపులో ఛైర్మన్ గారి పేరు, కమిషనర్ గారి పేరు ఉన్నాయి. ఆ గ్రూపులో పేరు లేనివాళ్ళకు శబ్దం చేసే హక్కు లేదు. నోరు తెరిచి ఉన్నా లాభం లేదు. కొత్త పేర్లు చేర్చాలంటే రూట్ అనుమతి కావాలి. రూట్ అంటే ఆ యంత్రంలో అందరికన్నా పైవాడు, ఎవరినీ అడగక్కర్లేనివాడు. అతని పాస్‌వర్డ్ కోసం త్రిమూర్తులు కమిషనర్ గారి గదికి వెళ్ళాడు.

"రూట్ ఎవరండీ?" అన్నారు కమిషనర్ గారు. గదిలో ఆయన గొంతు ఆయన నోట్లోంచే వచ్చేది, కొంచెం జలుబుగా.

"అందరికన్నా పైన ఉండేవాడండి."

"అయితే ఛైర్మన్ గారిని అడగాలి. నన్నడిగానని చెప్పకండి."

ఛైర్మన్ గారు ఆ మాట విని సంతోషించారు. "రూట్ నేనేనయ్యా, దాన్లో అనుమానమేంటి? పాస్‌వర్డంటావా, అది నా దగ్గరెందుకుంటాది. బిగించినోడి దగ్గరుంటాది."

బిగించినవాడు కాంట్రాక్టరు సత్తిరాజు. ఊళ్ళో రోడ్లు, కాలవలు, కుళాయి గొట్టాలు వేసింది కూడా అతనే. లోకువ చేసి మాట్లాడే మనిషి కాదు. పీలగొంతు, చేతులు కట్టుకుని నిలబడే అలవాటు. త్రిమూర్తులు వెతుక్కుంటూ వెళ్ళేసరికి గొట్టాల షెడ్డు దగ్గర కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించాడు.

"పాస్‌వర్డ్ చెప్పడానికేముందండీ ఏఈ గారూ, మీకు నోరు తిరగదని గానీ. నేనే వచ్చి కొడతాను. మీరో క్షణం అటు తిరుగుదురుగాని."

త్రిమూర్తులు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సత్తిరాజు పాస్‌వర్డ్ కొట్టాడు. ప్రజలు, సిబ్బంది, కౌన్సిలర్లు ఆడియో గ్రూపులో చేరారు. అదే చేత్తో అతను నేలమీది పెట్టెను తన పేరున మార్చుకున్నాడు.

"ఖాళీగా పడుందికదండీ, వాడకపోతే పాడైపోద్ది" అన్నాడు.

ఆ పెట్టెకు విడిగా శబ్దం పంపక్కర్లేదు. ముందు రెండు స్పీకర్లకు వెళ్ళేదాంట్లో అడుగున ఉన్న బరువైన శబ్దాన్ని అదే లాగేసుకుంటుంది. అందువల్ల అది వెంటనే పలికింది. తర్వాతి సమావేశంలో సత్తిరాజు చేతులు కట్టుకుని ఏదో అన్నాడు. ఒక్క మాటా అర్థం కాలేదు. బల్లల మీద గ్లాసులు సన్నగా వణికాయి, అందరి గుండెల్లోనూ ఏదో కదిలినట్టయింది, తీర్మానం పాసైంది. దేని మీద తీర్మానమో ఎవరూ అడగలేదు.

మధ్యదీ వెనకవీ మాత్రం ఇంకా పలకలేదు. త్రిమూర్తులు మళ్ళీ ఇంటర్నెట్‌లోని పుణ్యాత్ముణ్ణే ఆశ్రయించాడు. ఈసారి కంప్యూటరు నుంచి స్పీకర్లకు వెళ్ళే తీగ ఎలాంటిదని అడిగాడు ఆయన. సన్నటిది, లోపల ఎర్రగా వెలుగుతూ ఉంటుందని రాశాడు త్రిమూర్తులు.

జవాబు వచ్చింది. ఆ తీగలో గొంతులు ఉన్నవి ఉన్నట్టు వెళ్ళాలంటే ఇద్దరివే పడతాయి. అందరివీ పట్టాలంటే నొక్కి పంపాలి. నొక్కేటప్పుడు వినేవాళ్ళకు ఎలాగూ వినపడని ముక్కల్ని యంత్రమే చూసుకుని తీసేస్తుంది. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం ఉంటే చెవికి ఎలాగూ అందదు కాబట్టి, దాన్ని తీసేసినా తేడా తెలియదు. ప్రపంచమంతటా ఇలాగే చేస్తారు.

త్రిమూర్తులుకు ఇది న్యాయంగానే తోచింది. ఎందుకైనా మంచిదని, అందరి గొంతులూ నొక్కకుండా పట్టే లావు తీగ కొనవచ్చా అని కమిషనర్ గారిని అడిగాడు. ఉన్నదాంట్లోనే సర్దమన్నారు ఆయన. సర్దాడు. నొక్కే సాఫ్ట్‌వేరు ఎక్కించి, పరీక్ష మళ్ళీ నడిపించాడు. ఆడగొంతు ముందు ఎడమను పిలిచింది, ముందు కుడిని పిలిచింది, మధ్య స్పీకర్ని పిలిచింది. త్రిమూర్తులు లేచి వెళ్ళి ఖాళీ కుర్చీల మధ్య, వెనక ఎడమ స్పీకరు కింద నిలబడ్డాడు. "వెనక ఎడమ" అంది అది నెత్తిమీద నుంచి, పేరుపెట్టి, చాలా ఆదరంగా. అతని కళ్ళు చెమర్చాయి. బోరు మోటారు నుంచి నీళ్ళు ఎగజిమ్మినప్పుడు కూడా అతనికి ఎన్నడూ అలా కాలేదు.

ఆ రోజు అతను పెందలాడే ఇంటికి వెళ్ళిపోయాడు. "సోమవారం రా. పలుకుతుంది" అన్నాడు. పిల్లకు పథ్యమని నూనె ముట్టని ఇంట్లో మంగతాయారు అతని కోసం రెండు అప్పడాలు వేయించింది. "దానికి కనపడకుండా వంటింట్లోనే తినేసి రండి" అంది.

సోమవారం హాలు నిండిపోయింది. స్పీకర్లు పలుకుతున్నాయని తెలిసి, గొంతున్నవాళ్ళందరూ వచ్చారు. మొదట మంగతాయారే లేచింది. సీసా ఎత్తి, తడబడకుండా చెప్పింది. తాను అనబోయేదేమిటో ముందే ఇంట్లో పిల్ల ఎదుట అప్పజెప్పుకుంది కనక ఆమె అన్న మాటలు త్రిమూర్తులుకూ తెలుసు: మా పాత పోస్టాఫీసు వీధి కుళాయిలో మురుగు నీళ్ళు వస్తున్నాయండి, ఇదేనా మీరు చేసే సేవ.

వెనక ఎడమ స్పీకర్లోంచి, స్పష్టంగా, అచ్చం ఆమె గొంతుతోనే వచ్చింది: "మా పాత పోస్టాఫీసు వీధి కుళాయిలో నీళ్ళు వస్తున్నాయండి. మీరు చేసే సేవ."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఛైర్మన్ గారు కుర్చీలోంచి సగం లేచి నమస్కారం పెట్టారు. మంగతాయారు సీసా పట్టుకుని అలాగే నిలబడింది. వెనక్కి తిరిగి, స్పీకరు వంక చూసింది, ఎవరో తన పేరు తప్పుగా పిలిచినట్టు.

ఆమె తర్వాత ఒక పెద్దాయన లేచాడు. దోమలు తగ్గాయి తగ్గాయి అని మీరంటే సరిపోయిందా అన్నాడు. "దోమలు తగ్గాయి, తగ్గాయి" అంది స్పీకరు. వీధి దీపాలు పగలు కూడా వెలుగుతున్నాయి, రాత్రి మాత్రం వెలగడం లేదని ఒకావిడ చెప్పింది. పగలు కూడా వెలుగుతున్నాయన్నంతవరకు వచ్చింది. వీధి దీపాలు త్రిమూర్తులు కిందవే గనక కమిషనర్ గారు అతని వంక మెచ్చుకోలుగా చూశారు.

త్రిమూర్తులు ఉండబట్టలేక లేచాడు. ఉద్యోగంలో అతను సభలో నోరు తెరవడం అదే మొదలు. ఆవిడ అన్నది అది కాదు సార్ అన్నాడు.

"ఆవిడ అన్నది అది సార్" అంది వెనక కుడి స్పీకరు.

"చూశారా, ఇంజనీరు గారు కూడా ధ్రువీకరిస్తున్నారు" అన్నారు కమిషనర్ గారు. అది కూడా రికార్డయింది.

ఇంటికి వచ్చాక మంగతాయారు చాలాసేపు గిన్నెలు సర్దింది. సర్దిన గిన్నెల్ని మళ్ళీ సర్దింది.

"నా నోట్లో మాట మధ్యలోంచి ఎవరు తీశారండీ?"

"ఎవరూ తియ్యలేదు. పక్కన పెద్ద శబ్దం ఉంటే చిన్న ముక్కని అదే తీసేస్తుంది. ఎలాగూ వినపడదని."

"పెద్ద శబ్దమేముందక్కడ? ఛైర్మన్ గారు అప్పుడు నోరు కూడా విప్పలేదు."

"ఊపిరి పీలుస్తున్నారు."

మంగతాయారు అతని వంక చూసింది. అతను నిజమే చెబుతున్నాడని ఆమెకు అర్థమైంది.

మర్నాడు ఆమె హాలుకు కాక మెట్ల దగ్గరికి వెళ్ళింది. కమిషనర్ గారు కారు దిగగానే ఎదురెళ్ళి, వరండాలో, తన నోటితో తాను చెప్పింది. ఒక్క ముక్కా పోలేదు. ఆయన సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశారు. మొహం చిన్నబుచ్చుకున్నారు.

"చాలా అన్యాయమమ్మా ఇది. నాకే బాధగా ఉంది. కానీ ఇలా మెట్ల మీద చెప్తే ఎలాగ? హాల్లో చెప్పండి, రికార్డవుతుంది."

"హాల్లో చెప్తే తీసేస్తుంది కదండీ."

"రికార్డులో అలాంటిదేమీ లేదమ్మా" అన్నారు ఆయన, సీసా జాగ్రత్తగా తిరిగి ఇస్తూ.

అప్పుడు త్రిమూర్తులుకు ఒక ఉపాయం తోచింది. ముక్కలు తీసేసే యంత్రం కాబట్టి, తీసేశాక మిగిలేది మనకు కావలసినదయ్యేలా చెప్పాలి. తీసేస్తుందనుకున్న మాటలన్నీ ముందే అదనంగా కలపాలి. ఇద్దరూ కూర్చుని ఒక వాక్యం తయారు చేశారు. ప్రవల్లిక మంచం మీద నుంచే దాన్ని దిద్దింది. ఆ తర్వాతి సోమవారం మంగతాయారు లేచి చెప్పింది: "మా కుళాయి నీళ్ళు కొబ్బరి నీళ్ళలాగున్నాయి, మురుగన్నదే లేదు, కామెర్లు ఎవరికీ లేవు." కొబ్బరి, లాగ, లేదు, లేవు పోయి, మురుగూ కామెర్లూ మిగులుతాయని వాళ్ళ లెక్క.

ఏదీ పోలేదు. ఆ వాక్యం పొల్లు కూడా తగ్గకుండా, వెనక ఎడమ నుంచే కాక అన్ని స్పీకర్లలోంచీ ఒకేసారి, గుడిలో గంటల్లా మోగింది. నొక్కకుండా వెళ్ళిన మొదటి ప్రజావాక్యం అదే. ఛైర్మన్ గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆదర్శ గృహిణిగా ఆమెకు శాలువా కప్పాలని అక్కడికక్కడే తీర్మానించారు. నేలమీది పెట్టె మెత్తగా దడదడలాడింది.

శాలువా కప్పే రోజు త్రిమూర్తులు హాలు చివర, కంప్యూటరు బల్ల దగ్గర కూర్చున్నాడు. వేదిక మీద మంగతాయారును ఒక ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. ఛైర్మన్ గారు ఆమె గురించి మాట్లాడుతున్నారు. సత్తిరాజు ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెబుతున్నాడు, గ్లాసులు వణుకుతున్నాయి. శాలువా భుజాల మీద పడుతుండగా ఆమె నవ్వలేదు, ఏడవలేదు. మందు మింగేముందు పిల్ల పెట్టే మొహంలా పెట్టింది. ఎందుకు చేశాడో త్రిమూర్తులు తర్వాత కూడా చెప్పలేకపోయాడు. చెయ్యి చాచి, ఎర్రగా వెలిగే తీగ పీకేశాడు.

గొంతులన్నీ నోళ్ళకు తిరిగొచ్చాయి.

ముందుగా వినపడింది సత్తిరాజు పీలగొంతు. మాట మధ్యలో ఉన్నాడు. "...ఆ వీధి గొట్టాలు మార్చినట్టు ముందు రాయించేయండి, మార్చడం సంగతి వానాకాలం అయ్యాక చూద్దాం" అన్నాడు. అది హాలంతటికీ వినపడింది. అతను నోరు మూసుకున్నాడు. ఛైర్మన్ గారు "ఆదర్శ..." అన్నారు. ఆ గొంతు అరిగిపోయి, ఎండిపోయి, చిన్నగా ఉంది. ఆయన తన గొంతు విని తానే ఉలిక్కిపడ్డారు.

మంగతాయారు లేచి నిలబడింది. స్పీకరు లేదు, అవసరమూ లేకపోయింది. "మా వీధి కుళాయిలో మురుగు వస్తోందండి" అంది. "నా కూతురికి కామెర్లు. మా పక్కింటి వాళ్ళకి, ఎదురింటి వాళ్ళకి కామెర్లు. మురుగు. మురుగు నీళ్ళు." ఆ మాట, పక్కన లేదు అన్నది లేకుండా, ఆ హాల్లో అంతకుముందు ఎవరూ వినలేదు.

తర్వాత జనంలోంచి, దోమల పెద్దాయన లేచాడు.

"ఇదేంటండీ, సంతలాగుంది. నా గొంతిలాగుంటదా?" అని తన గొంతు పట్టి చూసుకున్నాడు. "ఆ స్పీకర్లో వస్తేనే అర్జీ చెప్పినట్టుండేదండి. ఇలాగైతే ఇంట్లో అరుగు మీద చెప్పుకున్నట్టే కదా."

అవునవునన్నారు పక్కవాళ్ళు. ఎవరో పెట్టండి పెట్టండి అన్నారు. దీపాలావిడ కూడా తల ఊపింది. ఇంత దూరం వచ్చి, వరస కట్టి, మామూలు గొంతుతో మాట్లాడి వెళ్ళడం వాళ్ళకు నచ్చలేదు.

"మీరు చెప్పింది వ్యవస్థ బయట వచ్చిందమ్మా" అన్నారు ఛైర్మన్ గారు మంగతాయారుతో, నొచ్చుకుంటూనే. "లెక్కలోకి రాదు."

కమిషనర్ గారు హాలు చివరికి చూశారు. ఆయన మొహంలో కోపం లేదు. సాటి ఉద్యోగి మీద ఉండే దయ ఉంది.

"ఏఈ గారూ, తీగ ఊడినట్టుంది."

ఆ మాట పట్టుకుంటే తనకు ఏ ఇబ్బందీ ఉండదని త్రిమూర్తులుకు తెలిసింది. తీగ అతని చేతిలోనే ఉంది. దాని కొస అరచేతిలో ఎర్రగా వెలుగుతోంది. వేదిక మీద నుంచి మంగతాయారు ఛైర్మన్ వంకా కమిషనర్ వంకా కాక, అతని వంకే చూస్తోంది. అతను నోరు తెరిచాడు. హాల్లో తీగ లేదు, నొక్కేది లేదు, తీసేసేది లేదు. ఏమన్నా అందరికీ వినపడేది.

"అవునండి, ఊడింది" అన్నాడు. తీగ పెట్టేశాడు.

లోపం సరిచేయబడిందని పైకి నివేదిక వెళ్ళింది. ఆ వ్యవస్థ బాగా పనిచేస్తోందని విని, చుట్టుపక్కల పట్టణాల నుంచి అధికారులు చూడడానికి వస్తున్నారు. త్రిమూర్తులే వాళ్ళకు ఛానళ్ళు చూపించి, ఏది ఎలా నొక్కాలో చెబుతున్నాడు. పాత పోస్టాఫీసు వీధిలో అందరూ నీళ్ళు మరగబెట్టుకుంటున్నారు. మరగబెడితే ఇబ్బందేమీ ఉండదని, కొంచెం వాసన వస్తుందంతేనని చెప్పుకుంటున్నారు. ప్రవల్లిక బడికి వెళ్తోంది. మెట్లు ఎక్కితే ఆయాసపడుతుంది. మంగతాయారు సోమవారాలు ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఇంట్లో కూడా మాటలు తగ్గించేసింది. "అన్నం" అంటుంది, "తాళం" అంటుంది. ఏమైందని అతను అడిగితే "ఏం లేదండి" అంటుంది. ఆ రెండు మాటల మధ్య ఏవో చాలా పోయినట్టు అతనికి తెలుస్తూనే ఉంటుంది. ఏ ఛానలు తెరవాలో మాత్రం తెలియదు.

ఒక ఆదివారం పొద్దున అతను పిల్లకు టానిక్ కొనడానికి బజారుకు వెళ్ళాడు. మందుల షాపాయన నాగరాజారావు పాత పరిచయస్తుడు. సీసా కాగితంలో చుడుతూ అడిగాడు.

"ఇంట్లో అందరూ ఎలా ఉన్నారండీ?"

త్రిమూర్తులు చెప్పాడు. పిల్లకు ఒంట్లో ఇంకా సత్తువ రాలేదని, మంగ తనతో మాట్లాడడం లేదని, మాట్లాడకపోవడానికి కారణం తనకు తెలుసునని, ఆ తీగ ఊడలేదని, తానే పీకి తానే పెట్టానని, నీళ్ళ గ్లాసు ఎత్తినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోందని, అంతా చెప్పాడు. పెదవులు కదిలిన సంగతి అతనికి తెలుస్తూనే ఉంది.

"బాగున్నారండి" అని వినపడింది. అది అతని నోట్లోంచే వచ్చింది. ఆ షాపులో స్పీకరు లేదు.

"మేం కూడా బాగున్నామండి" అన్నాడు నాగరాజారావు. అతని పెదవులు మాత్రం ఆ మాట అయిపోయాక కూడా చాలాసేపు కదులుతూనే ఉన్నాయి. త్రిమూర్తులు మర్యాదగా తల ఊపుతూ, అవి ఆగేదాకా నిలబడి, సీసా తీసుకుని వచ్చేశాడు.